సూరత్ వాడల్లో బతుకమ్మ

బతుకమ్మ తెలంగాణ ఆడవాళ్ల పూల పండుగ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. 2014లో తెలంగాణ ఏర్పడగానే దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అప్పటికి చాలా ముందే బతుకమ్మ రాష్ట్రం ఎల్లలు దాటింది. నేతపని వెతుక్కుంటూ షోలాపూర్, భివండీ, ముంబయి, సూరత్ చేరిన కుటుంబాలు దాన్ని వెంట తీసుకెళ్లాయి.

సూరత్ తెలుగువాళ్లలో పద్మశాలీలు ఎక్కువ. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల్లో చేమగ్గం కూడు పెట్టని రోజులొచ్చాక వాళ్లు పవర్‌లూమ్‌ల నగరానికి తరలారు. లింబాయత్, ఉధ్నా వైపు వాడల్లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉందంటే ఈ వలస ఎంత పెద్దదో తెలుస్తుంది. కార్ఖానాల్లో పన్నెండు గంటల షిఫ్టులు రాత్రింబగళ్లు నడుస్తాయి. బట్టల పరిశ్రమకు పెద్ద సెలవు దీపావళికే. దసరాకు ఊరెళ్లడం అందరికీ కుదరదు కాబట్టి ఉన్న వాడకట్టులోనే బతుకమ్మ ఆడుకుంటారు.

ఆట కన్నా ముందు పేర్చడం ఉంది, అందులోనే ఈ పండుగ పనితనమంతా. తాంబాళంలో ఆకులు పరిచి, వాటిపై తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, చామంతి, కట్ల పూలను వరుస మీద వరుసగా గుండ్రంగా పేరుస్తూ పోతారు. పైకి పోయిన కొద్దీ వరుస సన్నబడుతుంది. శిఖరాన పసుపు గౌరమ్మ. కాడ పొడవు సరిగ్గా కత్తిరించకపోతే గోపురం ఒరిగిపోతుంది. పొద్దుగూకే వేళ బతుకమ్మలన్నిటినీ ఒక్కచోట పెట్టి, చుట్టూ చప్పట్లతో తిరుగుతూ పాడతారు. ఒకరు అందుకుంటే తక్కినవాళ్లు పలుకుతారు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ రోజుకో నైవేద్యం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పూలూ పేర్చరు, నైవేద్యమూ పెట్టరు. చివరినాడు పెరుగు, పులిహోర, కొబ్బరి, నువ్వుల సద్దులు కలుపుతారు. మలీదను ఒకరికొకరు పంచుకుంటారు.

తమ నేల ఇచ్చినదాన్నే పండుగ సామగ్రి చేసుకోవడం చాలా చోట్ల ఉంది. ఫిలిప్పీన్స్‌లోని లుక్బాన్ పట్టణంలో ఏటా మే 15న రైతుల పాలక పునీతుడు సాన్ ఇసిద్రో పండుగ జరుగుతుంది. ఆ రోజు కేథలిక్ కుటుంబాలు ఇళ్ల ముంగిళ్లను వరికంకులతో, కూరగాయలతో, బియ్యప్పిండితో చేసిన రంగురంగుల కిపింగ్ రేకులతో ముంచెత్తుతాయి. ఊరేగింపు ఆ ఇళ్ల ముందు నుంచే సాగుతుంది. బతుకమ్మది ఇంకో మెట్టు: అక్కడ పూలే దేవత. వానలు వెనక్కి తగ్గే రోజుల్లో బీళ్లలో పూసిన తంగేడు, చేల గట్ల మీది గునుగు, నిండిన చెరువు, ఈ మూడూ కలిస్తేనే ఊళ్లో పండుగ.

మనుషులతో పాటు బీడూ చెరువూ వలస రావు. నగరంలో తంగేడు దొరకడం కష్టం, బంతి మాత్రం దసరా రోజుల్లో గుజరాత్ బజార్ల నిండా రాశులు పోసి ఉంటుంది. కోసుకొచ్చే పండుగ కొనుక్కునే పండుగవుతుంది. ఇక బతుకమ్మను నీళ్లలో వదలడానికి, తపతి నది నగరం మధ్య పారుతున్నా లింబాయత్ వాడలకు అడుగుదూరంలో లేదు. ఇన్ని కరువైనా పండుగ నిలిచిందంటే ఆ గొప్ప ఆడవాళ్లదే. పాటను తల్లి నుంచి కూతురు చెవితోనే నేర్చుకుంటుంది, దానికి ఊరి పొలిమేర అడ్డం కాదు.

సూరత్‌లో ఈ పండుగకు ఓ అరుదైన పొరుగు దొరికింది. ఎంగిలిపూల మర్నాడే గుజరాతీల నవరాత్రి మొదలవుతుంది. చిల్లుల మట్టికుండలో దీపం పెట్టి, దాని చుట్టూ చప్పట్లతో గర్బా ఆడతారు. 2023 డిసెంబరులో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకరిది దీపం, ఒకరిది పూలు. వలయం, చప్పట్లు, అమ్మవారు ఇద్దరికీ ఒకటే. పొద్దువాలాక బతుకమ్మ ఆడిన పిల్ల రాత్రికి గర్బాలో కలవడానికి అడుగు కొత్తగా నేర్వక్కరలేదు. అష్టమితో సద్దులు ముగిసినా గర్బా నవమి దాకా సాగుతుంది.

తెలంగాణకూ సూరత్‌కూ మధ్య దారం మరో విధంగానూ ముడిపడింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టినప్పుడు, సిరిసిల్ల మరమగ్గాలు అన్ని చీరలనూ గడువులోగా నేయలేకపోవడంతో కొంత సరుకు సూరత్ నుంచే తెప్పించారు. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల మహిళలు నిరసన తెలిపారు. తర్వాతి ఏళ్లలో ఆ పని సిరిసిల్ల నేతన్నలకు దక్కింది. ఊళ్లోనే మగ్గానికి పని ఉంటే వలస తగ్గుతుందన్నది ఆ పథకం ఆశయాల్లో ఒకటి.

సద్దులైన రెండో నాడు దసరా. తెలంగాణవాళ్లు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దల కాళ్లకు మొక్కి, ఈడువాళ్లతో అలాయ్ బలాయ్ తీసుకుంటారు. గుజరాతీల ఇళ్లలో ఆ రోజు ఫాఫ్డా, జిలేబీ తప్పనిసరి, దుకాణాల ముందు తెల్లవారుతూనే బారులు కడతారు.