వాడ ముందు రోడ్డు మీద 70 స్పీడా?

దళితులను సైకిల్ ఎక్కనివ్వకపోవడం నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఈ మాట సూటిగా రాసింది. రోడ్డు, దారి వాడుకోనివ్వకపోవడాన్నీ నేరాల్లో చేర్చింది. తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి అందరి బాట మీదికి వచ్చింది 1893లో. ఆ మాట చట్టంలోకి రావడానికి ఇంకో 120 ఏళ్లు పైనే పట్టింది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద నుంచి మనిషిని పక్కకు తోసే పనిలో వేగం కూడా చేరింది.

కేంద్రం 2018 ఏప్రిల్‌లో గరిష్ఠ వేగాలు ప్రకటించింది. కారుకు మున్సిపల్ రోడ్డుపై గంటకు 70 కి.మీ. 'ఇతర రోడ్ల' మీదా 70. ఊరికీ వాడకీ మధ్య పోయే రోడ్డు, పిల్లలు బడికి దాటే రోడ్డు చాలాచోట్ల ఈ 'ఇతర'లోనే పడతాయి. డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకోండి. 70లో బండి ఆలోపే 19 మీటర్లు పోతుంది, 30లో 8 మీటర్లు. వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలు. అందుకే 2020 స్టాక్‌హోమ్ ప్రకటన మనుషులూ వాహనాలూ కలిసి తిరిగేచోట 30 దాటొద్దంది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. కేంద్ర నివేదికలో వయసు ఉంటుంది, ఆడా మగా ఉంటుంది, కులం ఉండదు. వాడల వాళ్లెందరో అందులో వెతికినా దొరకదు.

70ని తగ్గించొచ్చా? తగ్గించొచ్చు. మోటారు వాహనాల చట్టం 112(2) ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన అధికారి, ప్రజల భద్రత కోసం తక్కువ వేగం నిర్ణయించొచ్చు. గెజిట్ నోటిఫికేషనూ ఉండాలి, రోడ్డు మీద బోర్డూ ఉండాలి. బోర్డు పాతి ఫొటో దిగితే సరిపోదు.

2019లో చేరిన 138(1ఎ) సంగతి వేరు. నడిచేవాళ్ల, సైకిళ్ల మీద నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆరు నెలల్లో చేయండని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే ఆ సెక్షన్‌లో ఉన్న మాట 'క్రమబద్ధీకరణ'. ఆ పేరుతో కార్లను వదిలేసి, నడిచేవాళ్లనే హైవే ఎక్కొద్దనే నిబంధన రావొచ్చు. దాటడానికి వేరే దారి లేని వాడకు అది మరో వెలి. ముసాయిదా వస్తే అక్షరం అక్షరం చదవాలి, అభ్యంతరాలు రాసి పంపాలి.

కలెక్టరుకిచ్చే వినతిలో రోడ్డు పేరు, కిలోమీటరు రాయి, రోజూ దాటేవాళ్లెందరు, పాత ప్రమాదాల ఎఫ్ఐఆర్ నంబర్లు రాయండి. గుద్దిన బండి దొరక్కపోయినా మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు రావాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ పథకానికి దరఖాస్తు రెవెన్యూ అధికారికి పెట్టుకోవాలి.