గెడ్డలో ఈదిన పిమ్మట తల తిరుగుట

అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు ప్రాంతములలోని పంచాయతీ సభ్యులకు గెడ్డను గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. స్నానము గెడ్డలోనే, బట్టలుదుకుట గెడ్డలోనే, పశువులను కడుగుట, వల వేయుట, వేసవిలో పిల్లల ఆట అంతయు అక్కడనే. మత్స్యగెడ్డ, గోస్తని, మాచ్‌ఖండ్ వంటి ప్రవాహములు ఈ కొండల మధ్య నుండియే సాగుచున్నవి. జోలాపుట్టు జలాశయపు టొడ్డున నివసించువారికి దోనెయే దారి. ఇట్టి చోట ఈత వినోదము మాత్రమే కాదు, బ్రతుకుతెరువు కూడ.

ఈదినవాడు ఒడ్డునకు వచ్చి లేచి నిలువగనే తల తిరిగి తూలుట మీలో చాలమంది చూచియే యుందురు. ఎక్కువసార్లు అది రెండు మూడు నిమిషములలో తగ్గిపోవును. కాని ఆ రెండు నిమిషములు ఎక్కడ గడచినవన్నది ముఖ్యము. చాపరాయివంటి పాచిపట్టిన బండపై నిలిచియుండగా కళ్ళు తిరిగినవాడు తలక్రిందులుగా మరల నీటిలోనికే పడును. మోకాలిలోతు నీటిలో సైతము స్పృహ లేనివాడు మునిగిపోగలడు. గెడ్డలో ఏదో పట్టినదని, దేవత కోపించినదని తలంచి జాగు చేయుటవలన దక్కవలసిన ప్రాణము దక్కకుండ పోవచ్చును. కావున ఈ సంగతిని కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. “కళ్ళు తిరిగినవి” అని మనము రెండింటికిని అందుము. చెట్లు, కొండ, ఆకాశము గిరగిర తిరుగుచున్నట్లు తోచుట ఒకటి. చూపు మసకబారి, చీకట్లు కమ్మి, కాళ్ళు తేలిపోవుట వేరొకటి. మొదటిది చెవినుండి పుట్టును. రెండవది రక్తప్రసారమునుండి పుట్టును. పడిపోయినవానిని, తెలివి వచ్చిన తరువాత, “లోకము తిరిగినదా, చీకటి కమ్మినదా?” అని అడిగినచో సగము రోగనిర్ణయము అక్కడనే తేలును.

చెవి వినుటకు మాత్రమే యున్నదని తలంతుము. కాని లోచెవిలో అర్ధచంద్రాకారపు నాళములు మూడు గలవు. వాటియందు ద్రవము నిండియుండును. తల కదిలినపుడు ఆ ద్రవము కదలి, తల ఎటు తిరిగినదో మెదడునకు తెలుపును. చల్లని నీరు చెవిలో జొరబడినపుడు, తల కదలకున్నను, దగ్గరనున్న నాళములోని ద్రవము చల్లబడి బరువెక్కి క్రిందికి జారును. మెదడు దానిని తల తిరుగుటగా భ్రమించును. ఈ మర్మమును కనుగొన్నవాడు వియన్నా నగరపు చెవి వైద్యుడు రాబర్ట్ బారనీ. రోగుల చెవులను పిచికారితో కడుగునపుడు నీరు చల్లనిదైనను, మిక్కిలి వేడిదైనను వారికి తల తిరుగుచుండెను. శరీరపు వేడిమికి సమానమైన నీటితో అట్లు జరుగలేదు. ఈ పరిశోధనకు ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. ఆ వార్త తెలియునప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా నుండెను! నేటికిని వైద్యులు చెవిని పరీక్షించుటకు 30 డిగ్రీల నీటిని, 44 డిగ్రీల నీటిని వాడుదురు. శరీరపు వేడిమి 37 డిగ్రీలకు ఏడు తక్కువ, ఏడు ఎక్కువ. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయలో పుష్యమాసపు గెడ్డ నీరు ఆ 30 డిగ్రీలకు ఎంత దిగువన నుండునో మీకే తెలియును.

రెండు చెవులలోను నీరు సమానముగ చేరినచో బాధ స్వల్పము. ఒక చెవిలో గుబిలి గట్టిపడి యున్నను, ఒక చెవి పొరకు చిల్లు పడియున్నను, ఎప్పుడును ఒకే ప్రక్కకు తల త్రిప్పి ఊపిరి పీల్చుకొనుచున్నను, ఒక ప్రక్క ఎక్కువ చల్లబడి తిరుగుడు హెచ్చగును. చీము కారు చెవి గల పిల్లలకు ఇందువలననే ప్రమాదము మెండు. చెవిలో నూనె కాచి పోయుట మన యిండ్లలో పాత అలవాటు. పొరకు చిల్లున్న చెవిలో అది హానికరము. చీము తగ్గువరకు పిల్లవానిని నీట దింపరాదు. తలస్నానము చేయించునపుడు దూదికి వాజలీను పూసి చెవి బయటి రంధ్రమున ఉంచిన చాలును.

నీటిలోనుండగనే తల తిరిగినచో తొందరపడి కాలుచేతులు కొట్టుకొనరాదు. తల నిలువుగ నెత్తి, ఒడ్డుననున్న కదలని చెట్టునో బండనో చూచుచు, దగ్గరనున్న వారిని కేకవేయవలెను. నీట మునిగి పైదిక్కు ఏదియో తెలియనపుడు, నోటినుండి వెడలు బుడగలు పోవు దిక్కే పైదిక్కు.

ఇక చీకట్లు కమ్ముట. నీటిలోనున్నంతసేపు ఆ నీరు కాళ్ళను, పొట్టను అన్నివైపులనుండి నొక్కుచుండును. రక్తము రొమ్మువైపునకు చేరును. శరీరము దానిని అధిక రక్తమని తలంచి మూత్రరూపమున కొంత ద్రవమును వెడలించును. ఈదిన తరువాత మూత్రము వచ్చుట ఇందుకే. ఒడ్డునకు వచ్చి ఒక్కసారిగ నిలిచినపుడు ఆ ఒత్తిడి పోవును, రక్తము కాళ్ళలోనికి దిగును, మెదడునకు చాలదు. అందుచేత నీటినుండి లేచి నిలువరాదు. ప్రాకుచు వచ్చి కూర్చుండవలెను. కొట్టుకొనిపోవువానిని రక్షించి తెచ్చినపుడు సైతము నిలబెట్టక, పడుకొనబెట్టియే తేవలెను. రక్షింపబడిన క్షణముననే కూలి మరణించిన వారి సంగతులు సముద్రతీరపు వైద్యులు అనేకము వ్రాసియున్నారు.

చలి విషయము మరింత వింతయైనది. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా శరీరపు వేడిని లాగివేయును. అయినను ఈదువానికి అసలు వణకు ఒడ్డునకు వచ్చిన పది పదిహేను నిమిషములకు గాని రాదు. చల్లబడిన కాలుచేతుల ప్రభావము అప్పుడు లోపలకు ప్రాకును. “బాగుగనే యున్నాను” అని చెప్పి ఒంటరిగ కొండదారి పట్టినవాడు దారిలో కూలబడుట ఇట్లే. తడిబట్టలు తీసివేసి, తల తుడిచి, కంబళి కప్పి, అర్ధగంటసేపు విడువక కనిపెట్టియుండవలెను. గుటక వేయగల స్థితిలో నున్నచో గోరువెచ్చని బెల్లపునీరో, చోడి అంబలియో కొంచెము కొంచెముగ త్రాగింపవచ్చును. కాలుచేతులను గట్టిగ రుద్దరాదు. మంటకు మిక్కిలి చేరువగ నుంచరాదు. జీలుగుకల్లు, ఇప్పసారా వేడి పుట్టించునను మాట అబద్ధము. చర్మమునకు రక్తము చేర్చి వెచ్చగ తోపించునే గాని లోపలి వేడిని పోగొట్టును. త్రాగి నీటిలో దిగుట మరియు చెడ్డది.

మన్యపు గూడెములలో మరియొక కారణమును తప్పక తలపవలెను. మలేరియా జ్వరము వచ్చి తగ్గినవారిలోను, గర్భిణులలోను, రక్తము తక్కువగనున్న బాలికలలోను తల తిరుగుట గెడ్డ చేసిన పని కాక రక్తహీనత చేసిన పనియే కావచ్చును. సికిల్ సెల్ రక్తహీనత గలవారికి చన్నీటి ఈత కీళ్ళ నొప్పుల బాధను హఠాత్తుగ తెచ్చిపెట్టగలదు. ఈ వ్యాధి నిర్మూలనకై 2023 జూలై 1న దేశవ్యాప్త కార్యక్రమము ఆరంభమైనది. గిరిజన ప్రాంతములందు రక్తపరీక్షలు అందులో భాగము. తరచు తల తిరుగు పిల్లవానికి ఆ పరీక్ష జరిగినదా యని సభ్యులు విచారింపవచ్చును. మూర్ఛవ్యాధి గలవారు ఒంటరిగ నీటిలో దిగనే కూడదు.

పట్టణవాసులు అరకు ఎత్తువలన తల తిరిగినదని చెప్పుచుందురు. అది సరికాదు. ఎత్తువలని జబ్బు సాధారణముగ 2,500 మీటర్లు దాటిన తరువాతనే కలుగును. ఘాటు దారి మలుపులలో వాంతులు చేసికొని, ఖాళీ కడుపుతో వచ్చి, బండి దిగిన వెంటనే చాపరాయిలోనో కటికి జలపాతము క్రిందనో దిగుటయే అసలు కారణము. మలుపులలో కలతపడినది ఆ లోచెవియే గదా! అట్టివారిని గంటసేపు కూర్చుండబెట్టి ఏదైన తినిపించి పంపుడని అక్కడి దుకాణదారులకు చెప్పవచ్చును.

ఆస్పత్రికి తీసికొనిపోవలసిన గుర్తులు ఇవి. గంట గడచినను తిరుగుడు తగ్గకుండుట, వాంతులు ఆగకుండుట, మాట తడబడుట, ఒక ప్రక్క కాలుసేయి పట్టు తప్పుట, ఒకటి రెండుగ కనబడుట, రొమ్ము నొప్పి, చెవినుండి రక్తము. నీరు మ్రింగి దగ్గుచున్నవాడు తేరుకొన్నట్లు కనబడినను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. ఊపిరి యిబ్బంది కొన్ని గంటల తరువాత రావచ్చును. బండపైనుండి దూకినవానికి మెడనొప్పి యున్నచో మెడ కదలనీయక పలకపై పడుకొనబెట్టి 108కి కబురు చేయవలెను. డోలీ మెడను వంచును గనుక అట్టివానికి డోలీ కట్టుట మంచిది కాదు. ఊపిరి ఆడుచు స్పృహ లేనివానిని ఒక ప్రక్కకు ఒత్తిగిల పడుకొనబెట్టవలెను. ఊపిరియే లేనిచో కడుపు నొక్కి నీరు కక్కించుటకు కాలము వ్యర్థము చేయక, నోటితో ఊపిరి యూదుచు రొమ్ము నొక్కవలెను. ఈ విద్యను ఆరోగ్య కేంద్రమువారిచే ఊరికి నలుగురికైనను నేర్పింపవలెను.

2021లో పాక్ జలసంధిని ఈదిన తెలుగు వనిత గోలి శ్యామల వంటి ఆరితేరినవారు సైతము వెంట పడవ లేక సముద్రమున దిగరు. మన పిల్లలకు పడవ అక్కరలేదు, ఒడ్డున ఒక పెద్దమనిషి యున్న చాలును. 1996 నాటి పెసా చట్టము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న జలవనరుల ఆలోచన, నిర్వహణ పంచాయతీలకే అప్పగింపబడినవి. కావున స్నానపు రేవును గూర్చి గ్రామసభలో తీర్మానింపవచ్చును. పాచిబండలపై నిషేధము పలుకు పలక ఒకటి వ్రాయించి, దానిపై చదువురానివారికై బొమ్మ కూడ వేయింపుడు. సంతనాడు దండోరా తెలుగుతోపాటు కువి, ఆదివాసీ ఒరియా భాషలలోను వేయించుట మేలు. రేవున చెట్టునకు కట్టిన పొడుగాటి త్రాడు, ఒడ్డుకు చేరినవాడు ప్రాకివచ్చి కూర్చుండుటకు గరుకైన చప్టా, ఆశా కార్యకర్త యింట రెండు పొడి కంబళ్ళు ఉన్న చాలును. త్రాడు మాత్రము ఏటేట మార్చవలెను. ఒక వర్షాకాలము తడిసిన నార త్రాడు మనిషి బరువునకు ఆగదు.