క్లచ్ మార్చే ముందు సెన్సార్ తీయండి

అమెరికాలో మాన్యువల్ గేర్ల బండి నడిపేవాళ్ళు బాగా తగ్గిపోయారు. అయినా మన సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో పాత బండిని వదులుకోలేనివాళ్ళు అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటారు. నేనూ ఆ కోవలోవాణ్ణే. నాది 1996 నాటి జీప్ చెరోకీ. 4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిన్. ఇంజిన్ రొద పెరుగుతున్నా బండి వేగం అందుకోవడం లేదంటే క్లచ్ ప్లేటు అరిగిందన్నమాట. దాన్ని మార్చడమంటే నట్లు, బోల్టుల వ్యవహారమే కదా అనుకుంటాం. కానీ ఆ పని పూర్తయ్యాక బండిని కదలకుండా ఆపేయగలిగేది బొటనవేలంత సెన్సార్ ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం.

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గంట ఆకారంలో ఉండే తొడుగును బెల్ హౌసింగ్ అంటారు. అందులోనే ఫ్లైవీల్, దానికి ఆనుకుని క్లచ్ ఉంటాయి. ఈ తొడుగు పైభాగాన, డ్రైవర్ వైపు, క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ బిగించి ఉంటుంది. దాని మొన లోపలికి, ఫ్లైవీల్ అంచు దగ్గర దాకా వెళ్తుంది. ఆ అంచు మీద నాలుగేసి గాట్ల చొప్పున మూడు గుంపులుంటాయి. ఒక్కో గాటు మొన పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా కంప్యూటర్‌కి ఒక పల్స్ అందుతుంది. అంటే చుట్టుకి 12 పల్సులు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో సెకనుకి 600. మన భాషలో చెప్పాలంటే ఇవి ఇంటరప్టులు. పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడివ్వాలో కంప్యూటర్ వీటిని బట్టే లెక్క కడుతుంది. ఈ పల్సులు ఆగిపోతే ఇంజిన్ నడవదు. దీనికి బదులుగా పనిచేసేది మరొకటి లేదు.

మరి క్లచ్ పనికీ దీనికీ సంబంధమేమిటి? గేర్‌బాక్స్ పై బోల్టులు అందాలంటే కింద అడ్డంగా ఉన్న క్రాస్‌మెంబర్ విప్పి, ఇంజిన్ వెనక భాగాన్ని కాస్త కిందికి వాల్చాలి. అప్పుడు సెన్సార్ వైరు లాగుకుపోవచ్చు. గేర్‌బాక్స్‌ని వెనక్కి లాగేటప్పుడు సెన్సార్ మొన ఫ్లైవీల్‌కి తగిలి విరగొచ్చు. మా మిత్రుడొకరి బండికి ఒక మెకానిక్ షాపులో క్లచ్ మార్చాక సరిగ్గా ఇదే జరిగింది. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. కంప్యూటర్ పోయింది, మార్చాలన్నారు. విప్పి చూస్తే సెన్సార్ మొన పగిలి ఉంది!

అందుకే నేను పాటించే వరస ఇది. ముందుగా బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసేయాలి. తర్వాత సెన్సార్ వైరు వెంట వెళ్ళి కనెక్టర్ విడదీసి, పొడుగాటి ఎక్స్‌టెన్షన్‌తో బోల్టు విప్పి, సెన్సార్‌ని తిన్నగా బయటికి లాగాలి. స్క్రూడ్రైవర్‌తో పెకలించకూడదు. ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బోల్టు కూడా అందులోనే వేసి ఉంచండి. ఆపైన రివర్స్ లైటు స్విచ్, స్పీడ్ సెన్సార్, ఆక్సిజన్ సెన్సార్ల కనెక్టర్లు విడదీయాలి. ప్రతిదానికీ చిన్న టేపు ముక్క అంటించి పేరు రాసుకోండి, తర్వాత తడుముకోనక్కర్లేదు. ఆక్సిజన్ సెన్సార్‌ని గొట్టంలోంచి ఊడదీయాల్సిన అవసరం అన్నిసార్లూ ఉండదు. వైరు మీద గొట్టం బరువు పడకుండా చూసుకుంటే చాలు. బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్‌కి కింద ఆధారం పెట్టాకే క్రాస్‌మెంబర్ మీద చెయ్యి వేయండి.

తిరిగి బిగించేటప్పుడు వరస తలకిందులవుతుంది. బెల్ హౌసింగ్ బోల్టులన్నీ బిగిశాకే క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ పెట్టాలి. మొన తుడిచి, వైరు ఎగ్జాస్ట్ గొట్టానికి తగలకుండా క్లిప్పుల్లో ఇరికించాలి. ఇంత చేశాక కూడా ఇంజిన్ అందుకోకపోతే స్కానర్ తగిలించి చూడండి. పి0320 కోడ్ వస్తే, కంప్యూటర్‌ని అనుమానించే ముందు ఈ సెన్సార్‌నీ, దాని కనెక్టర్‌నీ పరీక్షించండి.

అన్ని బండ్లూ ఇలాగే ఉండవు. కొన్నింట్లో ఈ సెన్సార్ ముందువైపు పుల్లీ దగ్గరుంటుంది, అప్పుడు దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో గేర్‌బాక్స్ దింపే అధ్యాయం ఒకసారి చదవండి. పని షాపుకి ఇస్తున్నా సరే, "క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ ముందే తీస్తారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో అక్కరలేని కంప్యూటర్ ఖర్చు తప్పవచ్చు.