చిన్న రైఫిలు – చేను కాపుదల

ఎనుమాముల మార్కెటునకు మిరపయు, ప్రత్తియు, మొక్కజొన్నయు తెచ్చు సభ్యులు కాటా వంతుకై వేచియుండు వేళ మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి గలదు. "అడవిపందులు చేను తొక్కివేయుచున్నవి. తక్కువ వెలలో చిన్న రైఫిలొకటి కొనిన నెట్లు? పగలు డబ్బాలు నిలిపి గురి నేర్చుకొందుము, రాత్రి చేను కాచుకొందుము" అని వారందురు. ఒక్క ఆయుధముతో రెండు పనులు నెరవేరునని వారి తలంపు. ఈ తలంపు సరికాదనియు, దీనివలన సొమ్మునకే గాక ప్రాణమునకును చేటు కలుగుననియు తెలుపుటకే యీ వ్యాసము.

చిన్న రైఫిలనగా సామాన్యముగ పాయింటు 22 బోరు రైఫిలు. దీని గొట్టము లోపల మరచుట్లవంటి గాడులుండును. గుండు ఆ గాడులలో గిరగిర తిరుగుచు వెడలుటచే సూటిగా పోవును. 1887లో అమెరికాలో పుట్టిన 22 లాంగు రైఫిలు తూటాయే నేటికిని ఎక్కువ వాడుకలో నున్నది. గుండు తూకము సుమారు 2.6 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 330 మీటర్లు. ఎదురుతన్ను స్వల్పము, చప్పుడు తక్కువ, పెద్ద తూటాలకంటె వెలయు తక్కువ. కావుననే గురి నేర్చువారికి ఇది మిక్కిలి తగినది.

అడవిపంది మాట వేరు. బాగుగ నెదిగిన పంది నూరు కిలోల వరకు తూగును. మగపందికి భుజముల మీది తోలు మిక్కిలి దళసరి. ఈ చిన్న గుండు దానిని సాధారణముగ పడవేయదు, గాయపరచి పంపును. గాయపడిన పంది చేనిలోనే దాగి, మరునాడు కలుపు తీయవచ్చిన కూలివారిపై బడవచ్చును. అదియునుగాక గురి తప్పిన గుండు ఒకటిన్నర కిలోమీటరు దూరము పోగలదు. రాతికిగాని నీటికిగాని తగిలిన పక్కకు ఎగిరిపోవును. ప్రక్క చేని మంచెపై కాపున్నవాడు మన బంధువో పొరుగువాడో యని మరువరాదు.

చట్టమును ఈ రెండు పనులను వేరుగనే చూచుచున్నది. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 13వ సెక్షనులో పంట కాపుదలకు చెప్పబడినది మూతినుండి మందు దట్టించు తుపాకి. అది చాలదని అధికారికి తోచినయెడల గాడులులేని నున్నని గొట్టపు తుపాకి మరియొకటి ఇయ్యవచ్చును. 22 రైఫిలు మాత్రము గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యులకు గురి అభ్యాసమునకై చెప్పబడినది. లైసెన్సు లేక నాటు తుపాకి ఉంచుకొన్నచో 2019 సవరణ ననుసరించి శిక్ష రెండేండ్లకు తక్కువ గాకుండును.

తుపాకికి లైసెన్సున్నను జంతువును కొట్టుటకు అనుమతి వచ్చినట్లు కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నెమలిని, చిలుకను కొట్టరాదు. అడవిపంది పంటకు హాని చేయునపుడు 11వ సెక్షను క్రింద అధికారి వ్రాతమూలకముగ ఉత్తరువిచ్చిననే వేటాడవచ్చును. కావున నష్టపడిన రైతులు విడివిడిగా గాక, గ్రామమంతయు గలసి అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొనుట మేలు. చేనిచుట్టు కరెంటు తీగ లాగుట మాత్రము ఎన్నడును చేయరాదు. పందికంటె ముందు మనిషి దానిపై బడును.

ఇక క్లబ్బులో చేరి గురి నేర్వగోరు సభ్యులు రైఫిలు కొనునపుడు ఈ క్రింది సంగతులు గమనింపవలయును.

మొదటిది, పిడి భుజమున కానించినపుడు మెడ సాచకయే గురిగుర్తు కంటికి అందవలెను. రెండవది, ఒక్కొక్క తూటా వేసి కాల్చు బోల్టు రైఫిలు క్రొత్తవారికి మేలు. యంత్రము సరళము, లోపల తూటా ఉన్నదో లేదో సులువుగ తెలియును. మూడవది, పాత రైఫిలయినచో బోల్టు తీసి గొట్టమును వెలుతురునకు పట్టి చూడవలెను. గాడులు స్పష్టముగ మెరయవలెను. తుప్పు గుంటలుగాని ఉబ్బుగాని కనబడిన విడువవలెను. నాల్గవది, దుర్భిణి అక్కరలేదు. 50 మీటర్ల గురికి ఇనుప గురిగుర్తులు చాలును. ఐదవది, తుపాకి వెలనే గాక ఏడాది తూటాల ఖర్చును, లైసెన్సు రుసుమును, తాళపు పెట్టె వెలను కలిపి లెక్కవేయవలెను.

అంత వ్యయము భరింపలేనివారికి గాలి రైఫిలు గలదు. 2016 నియమముల ప్రకారము బోరు 4.5 మిల్లీమీటర్లకును, శక్తి 20 జౌళ్లకును మించనిచో దానికి లైసెన్సు అక్కరలేదు. 22 గుండు శక్తి ఇంతకు సుమారు ఏడు రెట్లు. 2012 లండను ఒలింపిక్సులో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కాంస్యపతకము గెలిచినది 10 మీటర్ల గాలి రైఫిలుతోనే. అయినను దీని గుండును కన్ను పోగొట్టగలదు. వెనుక మట్టికట్ట లేనిదే ఏ రైఫిలును కాల్చరాదు; గొట్టమును మనిషివైపు త్రిప్పరాదు; పిల్లల చేతికి అందనీయరాదు.

కావున రైతుసోదరులు గురి వినోదమునకు ఒక దారి, పంట కాపుదలకు వేరొక దారి యని ఎరిగి, కొనకముందే పని నిశ్చయించుకొందురుగాక యని మా మనవి.