పడిపోయిన చేతికి యంత్రం తోడు

* వేలూరు సీఎంసీ, మద్రాసు ఐఐటీ కలిసి చేసిన 'ప్లూటో'
* మనిషి చేతిని అర్థం చేసుకోవడమే కంప్యూటరుకు పెద్ద పరీక్ష

గుడియాత్తం: లుంగీ నేసే చెయ్యి, అగ్గిపెట్టెలు చేసే చెయ్యి, బీడీ చుట్టే చెయ్యి... గుడియాత్తంలో ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టేది చేతులే. పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోతే ఇల్లు గడవడమే కష్టం. కాలు కాస్త కుదుటపడి మనిషి లేచి నడిచినా, చెయ్యి అంత త్వరగా మాట వినదు. బొత్తాం పెట్టుకోవాలన్నా, అన్నం కలుపుకోవాలన్నా పక్కవాళ్లు రావాల్సిందే.

ఇలాంటి కష్టం వస్తే పరదరామికి ఇవతలి వాళ్లకైనా, అవతల చిత్తూరు, పలమనేరు వాళ్లకైనా మొదట గుర్తొచ్చేది రాయవేలూరు పెద్దాస్పత్రి. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ(సీఎంసీ)కి చేతి వైద్యంలో పాత పేరుంది. కుష్ఠు వ్యాధితో ముడుచుకుపోయిన వేళ్లకు 1940లలోనే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆపరేషన్లు చేసి, మళ్లీ పనికొచ్చేలా చేసింది ఇక్కడే. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా చక్రాల కుర్చీలో కూర్చునే వైద్యం చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పునరావాస చికిత్సకు పునాది వేసిందీ ఇక్కడే. ఆ వరుసలో కొత్తగా చేరింది 'ప్లూటో'.

మోటారు ఒక్కటే.. పిడులు వేరు

'ప్లగ్ అండ్ ట్రెయిన్ రోబో' అన్న పేరునే పొట్టిగా ప్లూటో అంటున్నారు. సీఎంసీ బయో ఇంజినీరింగ్ విభాగానికి చెందిన శివకుమార్ బాలసుబ్రమణియన్, మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ బృందాలు దీన్ని రూపొందించాయి. యంత్రం వివరాలు 2021లో 'ఐఈఈఈ యాక్సెస్' పత్రికలో వచ్చాయి. 2025లో మార్కెట్‌లోకి విడుదలైంది.

రోబో అంటే సినిమాలో మాదిరి నడిచే బొమ్మ కాదు. బల్ల మీద పెట్టుకునే చిన్న యంత్రం. మోటారు ఒక్కటే. దానికి అవసరాన్ని బట్టి పిడులు మార్చి తగిలిస్తారు. ఒక పిడితో మణికట్టు పైకీ కిందికీ ఆడుతుంది. ఇంకోదానితో తాళంచెవి తిప్పినట్టు ముంజేయి తిరుగుతుంది. మరోదానితో గుప్పిట మూసి తెరవొచ్చు. ఎదురుగా కంప్యూటరు తెర మీద ఆట నడుస్తుంటుంది. చెయ్యి కదిలితే ఆటలో బొమ్మ కదులుతుంది. ఒకే కదలికను వందలసార్లు చేయాలంటే ఎవరికైనా విసుగే. ఆట అయితే ఇంకో పదిసార్లు చేయబుద్ధవుతుంది.

సాయం ఎక్కువైనా తప్పే

చూడ్డానికి ఇంతే. లోపల మాత్రం చిక్కులు చాలా ఉన్నాయి. రిజర్వేషన్ కౌంటరులో కంప్యూటరు అర నిమిషం ఆలస్యం చేస్తే క్యూలో విసుక్కుంటాం, అంతే. చేతికి కట్టిన యంత్రం అర సెకను వెనకబడితే చెయ్యి ఒకవైపు, మోటారు ఇంకోవైపు లాగుతాయి. అందుకే ఇలాంటి యంత్రాల్లో కంప్యూటరు సెకనుకు వందలసార్లు చేతిని గమనించి, ఎంత బలం పెట్టాలో అన్నిసార్లూ తేల్చుకోవాలి. లెక్క సరిగ్గా రావడమొక్కటే చాలదు, సమయానికీ రావాలి. మామూలుగా వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ 'సమయం' అన్నదానికి చోటే లేదని అమెరికాలోని బర్క్‌లీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ లీ 2008లోనే ఎత్తిచూపారు.

రెండో చిక్కు చేతిదే. వాతం తగిలిన చెయ్యి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. బిగుసుకుపోతుంది, ఉన్నట్టుండి వదులవుతుంది. ఇనుప కమ్మీకి రాసినట్టు దీనికి సూత్రం రాయలేం.

మూడోది మరీ సున్నితమైంది. రోగి ప్రయత్నిస్తున్నాడా, ఊరికే కూర్చున్నాడా? యంత్రమే అంతా చేసేస్తే మనిషి ప్రయత్నం మానేస్తాడు. ప్రయత్నం లేకపోతే మెదడు మళ్లీ నేర్చుకోదు. అసలు సాయం చేయకపోతే నిరాశ పడతాడు. సైకిలు నేర్పే నాన్న సీటు ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలిసినట్టు యంత్రానికీ తెలియాలి. పరిశోధకులు ఇంకా తలపట్టుకుంటున్నది ఇక్కడే.

పాత గుణపాఠం

నాలుగోది భద్రత. కేన్సరు చికిత్సకు వాడిన 'థెరాక్-25' అనే రేడియేషన్ యంత్రం 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదు మించి రేడియేషన్ ఇచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ప్రోగ్రాములో దాగిన లోపాలు కారణమని తేలింది. అంతకుముందు మోడళ్లలో అడ్డంపడే యాంత్రిక రక్షణలు ఉండేవి. కంప్యూటరు ఉందిగా అని ఇందులో వాటిని తీసేశారు. మనిషి ఒంటిని తాకే యంత్రం ఏదైనా సరే, ప్రోగ్రాము తప్పు చేసినా ఆపగలిగే అడ్డు ఇంకొకటి ఉండాలన్నది దీని నుంచి నేర్చిన పాఠం.

కంప్యూటరును ఇలా వస్తువులతో, మనుషులతో కలిపి నడిపే విద్యకు అమెరికాలో హెలెన్ గిల్ 2006లో 'సైబర్ ఫిజికల్ సిస్టమ్స్' అని పేరు పెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో రూ.3,660 కోట్లతో దీనికోసం జాతీయ మిషన్‌ను ఆమోదించింది. దానికింద ఏర్పాటైన 25 కేంద్రాల్లో మద్రాసు, తిరుపతి, హైదరాబాద్ ఐఐటీలవీ ఉన్నాయి. గుడియాత్తం నుంచి పొద్దున బయల్దేరితే తిరుపతి వెళ్లి రాత్రికి ఇంటికి రావొచ్చు. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

ఇంటికి వస్తేనే ప్రయోజనం

ఆస్పత్రిలో నాలుగు వారాలు చేయించినంత మాత్రాన చెయ్యి రాదు. నెలల తరబడి సాధన కావాలి. రోజుకూలి వదులుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని వారానికి మూడుసార్లు వేలూరు బస్సెక్కడం ఎందరికి సాధ్యం? యంత్రం ఊరి దాకా, వీలైతే ఇంటి దాకా రావాలి. అప్పుడు పక్కన ఇంజినీరు ఉండడు. కరెంటు పోతుంది, వస్తుంది. పిడి తగిలించేది ఇంట్లో కోడలో, మనవడో. వాళ్ల చేతుల్లోనూ పొరపాటు జరగకుండా పనిచేయాలి. ధర అందుబాటులో ఉండాలి. తెర మీద మాట తెలుగులోనో తమిళంలోనో వినిపించాలి. ప్రయోగశాలలో గెలిచిన యంత్రానికి అసలు పరీక్ష ఇదే.

ఒక్క మాట మరవొద్దు. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా రోబో కోసం కాదు, డాక్టరు కోసం పరుగెత్తాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పసరు మందులంటూ తిరిగితే ఆ సమయం కాస్తా దాటిపోతుంది. యంత్రం పని ఆ తర్వాతే. అప్పుడైనా కదలాలన్న పట్టుదల చేతిదే. యంత్రం తోడు మాత్రమే.