చర్మం కాదు, పరుపు చూడండి!

బగ్స్ వెతకడమే నా ఉద్యోగం. అయినా నా మంచంలో ఉన్న నల్లుల్ని కనిపెట్టడానికి మూడు వారాలు పట్టింది.

మాదాపూర్‌లో నేనూ, ఫ్రెండూ కలిసి ఫ్లాట్ తీసుకున్నాం. నా మంచం సెకండ్ హ్యాండ్‌ది, బాగా చవగ్గా వచ్చింది. కొన్నాళ్లకి పొద్దున లేచేసరికి మెడ మీద, మోచేతుల దగ్గర ఎర్రటి దద్దుర్లు. దోమలనుకున్నా. తర్వాత ఫుడ్ అలర్జీ అనుకుని గుడ్లు, వంకాయ మానేశా. సబ్బు కూడా మార్చా. అదే గదిలో పడుకునే ఫ్రెండ్‌కి ఏమీ లేదు కాబట్టి ప్రాబ్లమ్ నా ఒంట్లోనే అని ఫిక్సయిపోయా.

అక్కడే బోల్తా పడ్డా. నల్లి కుట్టినా కొందరికి మచ్చ కూడా రాదు. ఇంకొందరికి కొన్ని రోజులు పోయాక దద్దు లేస్తుంది. వరసగా మూడు నాలుగు ఉంటే అనుమానించొచ్చు కానీ, ఒంటిని మాత్రమే చూసి నల్లులని తేల్చడం డాక్టర్లకీ కష్టమే. సాక్ష్యం దొరికేది మంచంలో.

నాకది సంక్రాంతికి ఊరెళ్లే ముందు రోజు రాత్రి దొరికింది. బ్యాగ్ సర్దుతూ దుప్పటి లాగితే, పరుపు కుట్టు వెంట పెన్నుతో పెట్టినట్టు నల్లటి చుక్కలు. తడిగుడ్డతో తుడిస్తే తుప్పు రంగులో సాగాయి. అది నల్లుల రెట్ట, అంటే అవి తాగి అరిగించుకున్న నా రక్తమే! ఫోన్ టార్చ్ వేశా. కుట్టు మడతలో పల్చటి గోధుమరంగు పొట్టు. పిల్ల నల్లి పెద్దదయ్యేలోపు ఐదుసార్లు ఇలా పైతోలు విడుస్తుంది. పక్కనే మిల్లీమీటరు పొడవుండే తెల్లటి గుడ్లు. దిండు కవర్ మీద చిన్న చిన్న రక్తపు మరకలు, నిద్రలో నేనే దొర్లి నలిపేసినవి. పాత ఏటీఎం కార్డుతో మంచం చెక్కల సందులో గీకితే అసలు శాల్తీ బయటికొచ్చింది. ఐదారు మిల్లీమీటర్లుంటుంది, చదునుగా, ఎర్రగా. ఎగరదు, దూకదు. ఏటీఎం కార్డు దూరే సందు చాలు, సంసారం పెట్టేస్తుంది. స్క్రూ రంధ్రాల్లో, కర్టెన్ మడతల్లో, స్విచ్ బోర్డు వెనక కూడా.

అప్పుడు గుర్తొచ్చింది బ్యాగ్. మూడు వారాలుగా అది ఆ మంచం కిందే ఉంది. ఇంటికెళ్తే దాన్ని పెట్టేది నానమ్మ మంచం కింద.

అమ్మకి చెప్పాలంటే సిగ్గేసింది. నల్లులంటే మురికి కొంప అని కదా మనవాళ్ల లెక్క! నిజానికి వాటికి కావాల్సింది మురికి కాదు, మన రక్తం. అద్దంలా ఉన్న ఇంట్లోకీ బ్యాగులోనో, పాత ఫర్నిచర్‌లోనో వచ్చేస్తాయి. శివుడు కొండ మీద, విష్ణువు పాము మీద పడుకుంది నల్లి బాధ పడలేకే అని సుమతీ శతకం అంటుంది. దేవుళ్లకే తప్పలేదు, నాకేంటి అని ఫోన్ చేసేశా. నానమ్మ ఫోన్ లాక్కుని, "ఒరేయ్, బట్టలు వేణ్నీళ్లలో వేసి, మంచం ఎండలో పడెయ్" అంది. నులక మంచాల రోజుల వైద్యం. సగం కరెక్టే. 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే గుడ్లతో సహా చస్తాయి. ఫోమ్ పరుపు మాత్రం ఎండలో పైపైనే వేడెక్కుతుంది.

ఫ్రెండ్‌కీ చెప్పా. వాడు నవ్వుతూ తన పరుపెత్తి చూస్తే, నా దాంట్లో కంటే వాడి దాంట్లోనే ఎక్కువున్నాయి! ఒంటి మీద ఒక్క మచ్చ లేదు వాడికి. నా మంచం తెచ్చిందా, వాడి సూట్‌కేసా అన్నది ఇప్పటికీ తేలలేదు.

స్ప్రే కొట్టేద్దామన్నాడు. వద్దన్నా. మామూలు మందులకి చాలా నల్లులు చావట్లేదు, పైగా చెదిరి పక్క గదుల్లోకి పోతాయి. గది తాళం వేసి పోదామన్నా లాభం లేదు, తిండి లేకుండా నెలలు బతుకుతాయి. పండగయ్యాక రమ్మని పెస్ట్ కంట్రోల్ వాళ్లకి చెప్పాం. గుడ్లలోంచి వచ్చే పిల్లల కోసం రెండు వారాలకి ఇంకోసారి కూడా వస్తామన్నారు.

బ్యాగ్ వదిలేసి, వేడినీళ్లలో ఉతికిన రెండు జతలు కొత్త కవర్లో కట్టుకుని ఊళ్లో దిగా. నానమ్మ గుమ్మంలోనే ఆపేసింది. చేతిలో పాత లుంగీ.

"అరుగు మీదే మార్చుకుని రారా నాయనా."