పగడపు తొట్టె - జమాఖర్చులు

పగడము రాయి కాదు, చెట్టును కాదు; అది ప్రాణి. నడుమ చిన్న నోరును, చుట్టును సన్నని చేతులును గల మెత్తని జీవి సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తన క్రింద గట్టి గూడు కట్టుకొనును. కోట్లకొలది జీవులు తరతరములుగా కట్టిన గూళ్లు ఒకదానిపై నొకటి పేరుకొనగా పగడపు దిబ్బ యేర్పడును. మన లక్షద్వీపములు అట్టి దిబ్బలపై నిలిచినవే. ఇట్టి దిబ్బను చిన్న ప్రమాణములో ఇంటిలోనే గాజుతొట్టెయందు పెంచు వేడుక ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున జర్మనీ, అమెరికా మున్నగు దేశములందు వ్యాపించినది. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లతోను, గాలిబుడగలతోను తొట్టెను నడపు పద్ధతిని 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించినది మొదలు ఈ విద్య పలువిధముల పెరిగినది.

మన దేశమున ఈ విషయమై మొదట ఒక మాట చెప్పవలసియున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో పగడములను చేర్చిరి. కావున మన సముద్రములనుండి వానిని త్రుంచి తెచ్చుటయు, అట్లు తెచ్చినవానిని కొనుటయు నేరము. విదేశములందు సైతము గట్టి పగడముల వర్తకము అంతర్జాతీయపు ఒడంబడికకు లోబడి అనుమతి పత్రములతోనే జరుగవలెను. ఇంత కట్టుబాటుతో చేజిక్కిన ప్రాణిని అజ్ఞానమువలన చంపుకొనుట తగదు. అట్టి తొట్టెలందు పగడములు చచ్చుటకు గల కారణములలో నీటి క్షారత ఎగుడుదిగుడులగుట ముఖ్యమైనది. మేమిచ్చట వివరింపబూనినది దానినే.

క్షారత యనగా నేమి? ఆమ్లము కొంత వచ్చి కలిసినను నీరు తన గుణము చెడకుండ దానిని భరింపగల శక్తియే క్షారత. సముద్రజలమున ఈ శక్తి ముఖ్యముగా బైకార్బొనేటు, కార్బొనేటు అను లవణాంశములవలన కలుగుచున్నది. పగడము తన గూటికి కావలసిన సరకులలో ఒకటియైన కాల్షియమును నీటినుండి నేరుగా గ్రహించును. రెండవదియైన కార్బొనేటును ఈ క్షారతనుండియే పొందును. అందుచే క్షారత పగడమునకు కొట్టులోని ధాన్యమువంటిది.

దీనిని కొలుచుట కష్టము కాదు. కొలిచి తీసిన తొట్టెనీటిలో రంగుమందు వేసి, తెలిసిన బలముగల ఆమ్లమును బొట్టుబొట్టుగా విడిచి, రంగు మారువరకు ఎన్ని బొట్లు పట్టినవో లెక్కించుటయే. ఫలితమును జర్మను డిగ్రీలలో చెప్పుట వాడుక. సముద్రమున క్షారత సుమారు 6.5 మొదలు 7 డిగ్రీలు. తొట్టెలను పెంచువారు సాధారణముగా 7 మొదలు 9 డిగ్రీల నడుమ నిలుపుకొందురు. కాల్షియము సముద్రమున లీటరునకు సుమారు 420 మిల్లీగ్రాములు గలదు.

ఇక్కడ గమనింపవలసిన లెక్క యొకటి కలదు. పగడము గూడు కట్టునప్పుడు ప్రతి లీటరునుండి 20 మిల్లీగ్రాముల కాల్షియము ఖర్చగుసరికి క్షారత 2.8 డిగ్రీలు తగ్గును. 420లో 20 పోయిన లెక్కలోనికి రాదు; నూటికి అయిదు పాళ్లు మాత్రమే. కాని 7లో 2.8 పోయినచో నూటికి నలువది పాళ్లు పోయినట్లే. ఒకే గూటికై రెండు కొట్లనుండి సరకు తీయుచుండగా ఒక కొట్టు ఇంచుమించు నిండుగనే యుండును, రెండవది సగము ఖాళీయగును. అందుచేతనే కాల్షియమును వారమున కొకసారి చూచినను చాలును గాని, క్షారతను మాత్రము దినదినమును కనిపెట్టుచుండవలెను.

అయితే ఎంత కలుపవలెను? ఈ ప్రశ్నకు సీసాపై అచ్చువేసిన కొలత సమాధానము కాజాలదు. పక్కపక్కనున్న రెండు తొట్టెల ఖర్చు ఒకటిగ నుండదు. ఒకదానిలో నాలుగు చిన్న పగడములుండవచ్చును. మరియొకదానిలో కొమ్మలు చాచి పెరుగునవి ఇరువది యుండవచ్చును. కావున ముందు ఖర్చు తెలిసికొనవలెను. పిమ్మట జమ కట్టవలెను. రెండుమూడు దినములు ఏమియు కలుపక, ప్రతిదినము ఒకే వేళకు క్షారతను కొలిచి వ్రాసికొనవలెను. వేళ యేల? పగడము వెలుతురుండగా చురుకుగాను, చీకటిలో మందముగాను గూడు కట్టును. ఉదయమున ఒకనాడు, రాత్రి ఒకనాడు కొలిచినచో లెక్క తప్పును.

తొట్టెలో 200 లీటర్ల నీరున్నదనుకొందము. సోమవారము రాత్రి ఎనిమిది గంటలకు 8.4 డిగ్రీలు, మంగళవారము అదే వేళకు 7.8 డిగ్రీలు వచ్చినచో దినపు ఖర్చు 0.6 డిగ్రీ. నూరు లీటర్ల నీటిలో ఒక డిగ్రీ పెంచుటకు 3 గ్రాముల వంటసోడా, అనగా సోడియము బైకార్బొనేటు పట్టును. ఆ లెక్కన 200 లీటర్లకు 0.6 డిగ్రీ పెంచుటకు 3.6 గ్రాములు కావలెను. దానికి జోడుగా పోవు కాల్షియమును పూరించుటకు, నీటిభాగముతో కూడిన కాల్షియము క్లోరైడు రేకులు సుమారు 3.15 గ్రాములు చాలును.

ప్రతిదినము ఇంత చిన్న తూకములు వేయుట విసుగు. కావున ఒక సీసాలో లీటరు శుద్ధజలమునకు 72 గ్రాముల వంటసోడాను, వేరొక సీసాలో లీటరునకు 63 గ్రాముల కాల్షియము క్లోరైడును కరగించి యుంచుకొనవచ్చును. రెండింటినుండియు దినమునకు 50 మిల్లీలీటర్ల చొప్పున పోసినచో మన జమ ఖర్చుతో సరిపోవును. వంటసోడాకు బదులు రొట్టెలలో వేయు బేకింగు పౌడరును వాడరాదు. అందు ఆమ్లలవణములును పిండియు కలిసియుండును. బోరునీరును వాడరాదు, మన ప్రాంతములలో పెక్కుచోట్ల ఆ నీటిలోనే సున్నమును క్షారతయు కావలసినదానికంటె ఎక్కువ.

ఈ రెండు ద్రవములను పోయక ముందే కలుపరాదు. కలిపిన క్షణములో పాలవలె తెల్లబడి, కాసేపటికి అడుగున తెల్లని మడ్డి దిగును. అది పగడము కట్టవలసిన సున్నపురాయియే. కాని ఇప్పుడది పగడమునకు కొరగాదు. తొట్టెలో పోయునప్పుడును నీరు వడిగా కదలుచోట మెల్లగ పోసి, ఒకదానికిని మరియొకదానికిని నడుమ కొంత వ్యవధి యుంచవలెను. క్షారతను ఒక్కదినములో ఒక డిగ్రీకి మించి పెంచరాదు. ఐదు డిగ్రీలకు పడినదని కంగారుపడి ఒక్కపూటలో తొమ్మిదికి ఎక్కించుటకంటె, నాలుగైదు దినములలో మెల్లగ పైకి తెచ్చుటయే క్షేమము. లోటును కొంతకాలము ఓర్చుకొనిన పగడము సైతము హఠాత్తుగా వచ్చిన సమృద్ధిని ఓర్వజాలక కొనలు తెల్లబడి చర్మము ఊడి చచ్చుట కలదు.

ఇంకొక పద్ధతి మన ఇండ్లలో అందరెరిగిన వస్తువుతోనే సాగును. అది సున్నపుతేట. బూడిదగుమ్మడికాయ ముక్కలను నానవేయుటకు మన స్త్రీలు తీయు తేటయే యిది. 1970వ దశకమున పీటర్ విల్కెన్స్ దీనిని పగడపు తొట్టెలకు ప్రచారములోనికి తెచ్చెను. తొట్టెనుండి నీరు ఆవిరియై పోవుచుండును. ఉప్పు మాత్రము పోదు. అందుచే తరుగును ఉప్పులేని నీటితోనే పూరింపవలెను. ఆ నీటికి బదులు సున్నపుతేటను పోసినచో కాల్షియమును, క్షారతయు పగడము కోరు పాళ్లలోనే లభించును. లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాముల సున్నము మాత్రమే కరగును. అట్టి తేట ఒక లీటరు మన 200 లీటర్ల తొట్టెలో క్షారతను అరడిగ్రీకి కొంచెము పైగా పెంచును. అయితే ఇది తీక్ష్ణమైన క్షారము. బొట్టుబొట్టుగా, ముఖ్యముగా రాత్రివేళ, పడునట్లు అమర్చవలెను. తాంబూలపు సున్నము గాక శుద్ధమైన సున్నమునే వాడవలెను. కంటికి తగులనీయరాదు, పిల్లలకు అందనీయరాదు. మూతలేని పాత్రలో ఉంచినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి పైన పొరకట్టును. ఆ పొర మేరకు బలము తగ్గినట్లే.

పెక్కుమంది తడబడుచోటు ఒకటి కలదు. నీటి పులుపు, కారముల స్థితిని తెలుపు పీ.హెచ్. అను అంకెకును, క్షారతకును భేదము తెలియక వారు పొరబడుదురు. తలుపులు మూసిన గదిలో నలుగురు నిద్రించినచో వారి ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి, తెల్లవారుసరికి పీ.హెచ్. తగ్గును. అప్పుడు క్షారత మాత్రము ఎప్పటివలెనే యుండును. అది తెలియక సోడా వేయుచు పోయినచో క్షారత పన్నెండు, పదునాలుగు డిగ్రీలకు పోవును, పీ.హెచ్. మాత్రము మరుసటి రాత్రి మరల తగ్గును. ఈ జబ్బుకు మందు సోడా కాదు, కిటికీ తెరచుట.

వేసిన సున్నమంతయు పగడమునకు చేరక పంపులపై, గాజుపై గట్టిపడుచున్నచో మగ్నీషియమును కూడ చూడవలెను. సముద్రమున అది లీటరునకు సుమారు 1,300 మిల్లీగ్రాములుండి సున్నము తనంతట తాను రాయిగా దిగకుండ అడ్డుపడుచున్నది. సోడా, క్లోరైడు జంటను వాడుటవలన కొంచెము కొంచెముగా మామూలు ఉప్పు కూడ పెరుగుచుండును. నీటిలో కొంతభాగమును అప్పుడప్పుడు మార్చుచు, లవణము లీటరునకు సుమారు 35 గ్రాములుగ నిలుపుకొనిన ఈ దోషము తీరును.

ఈనాడు గంటగంటకు కొన్ని చుక్కలు పోయు విద్యుద్యంత్రములు దొరకుచున్నవి. దినపు మోతాదును ఒకేమారు పోయుటకంటె ఇది మేలు. కాని యంత్రము చెడి ఆగక పోసినచో సీసాలోనున్నదంతయు తొట్టెలో పడును. పైన చెప్పిన లీటరు సోడానీరంతయు ఒక్కసారి పడినచో క్షారత పండ్రెండు డిగ్రీలు పెరిగిపోవును! కావున రెండు మూడు దినములకు సరిపోవు ద్రవమునే యంత్రముక్రింద నుంచి, తక్కినది అలమరలో దాచుట వివేకము.

ఇది వేడుకకాండ్ర లెక్క మాత్రమే కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున బయోస్ఫియర్-2 అను గాజుభవనములో నిర్మించిన కృత్రిమ సముద్రమునందు క్రిస్ లాంగ్డన్ బృందము 1990వ దశకమున ఇట్టి లవణములనే కలిపి నీటి రసాయనస్థితిని మార్చి చూచినది. కార్బొనేటు తగ్గినకొలది పగడపు దిబ్బ కట్టుబడియు తగ్గునని 2000లో ప్రకటించినది. ఆస్ట్రేలియాలోని వన్ ట్రీ ద్వీపమువద్ద నిజమైన దిబ్బమీదుగా పారు నీటికే క్షారమును చేర్చి చూచిన రెబెక్కా ఆల్‌బ్రైట్ బృందము, కట్టుబడి నూటికి సుమారు ఏడు పాళ్లు పెరిగినదని 2016లో తెలిపినది. మనము కాల్చు బొగ్గు, నూనెలనుండి వెలువడు వాయువు సముద్రములో కరగి కార్బొనేటును హరించుచున్నది. గదిలో కిటికీ తెరువవచ్చును. సముద్రమునకు కిటికీ లేదు. సముద్రమంతటికి సోడా పోయుట మానవునకు సులభసాధ్యమును కాదు.

తొట్టెకు మరల వత్తము. ఒకమారు కుదిరిన మోతాదు ఎల్లకాలము చెల్లదు. పగడము పెరిగినకొలది ఖర్చు పెరుగును, జమయు పెంచవలెను. ఎన్నడును తగ్గని ఖర్చు ఒకవారము హఠాత్తుగా తగ్గి, వేయుచున్న మోతాదుకే క్షారత పైకెక్కినచో పొదుపైనదని సంతోషింపరాదు. ఆ జీవి గూడు కట్టుట మానినదన్నమాట. రంగు వెలవెలబోవుటకు ముందే ఈ సూచన పద్దులో కనబడును. వెంటనే మోతాదు తగ్గించి, వేడిమి, లవణము, వెలుతురు వరుసగా పరీక్షింపవలెను. మాటలాడలేని ఆ ప్రాణి తన బాధను మనకు తెలుపుటకు మొదట దొరకు సాధనము ఆ పుస్తకములోని అంకెలే. కావున తొట్టెపక్క నొక పుస్తకమును, పెన్సిలును ఉంచుకొని, కొలిచిన అంకెను ఆ పూటనే వ్రాసికొనుడని మా మనవి.